గోల్ఫ్ స్వింగ్‌లో లాగాలా, నెట్టాలా?

ప్రశ్న: సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి విశాఖపట్నం వెళ్లి గోల్ఫ్ ఆడుతుంటాను. మిగతా రోజుల్లో ఇంటి పెరట్లోనే సాధన చేస్తాను. నాది కుడిచేతి వాటం. క్లబ్‌ను, అంటే బంతిని కొట్టే కర్రను, ఎడమచేత్తో లాగాలని నేర్పినవారు చెప్పారు. కుడిచేత్తో నెట్టితేనే దెబ్బలో బలం ఉంటుందని తోటి ఆటగాళ్లు అంటున్నారు. నెట్టితే దూరం తగ్గుతోంది, లాగితే బంతి కుడివైపుకు వంగిపోతోంది. ఏది సరైనదో దయచేసి చెప్పండి.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: రెండూ కావలసినవే గాని, వాటి వేళలు వేరు, పెద్ద పాలు మాత్రం లాగుడుదే. పంటచేలలో మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి తిప్పే వడిసెలను మీరు చూసే ఉంటారు. తాడు లాగగలదే తప్ప నెట్టలేదు. అయినా రాయి అంత వేగం అందుకుంటుంది. చేయి తాడును లోపలికి లాగుతూ, ఆ లాగే దిశను క్షణక్షణం మార్చడమే దానికి కారణం. క్లబ్‌లోనూ ప్రధానంగా జరిగేది ఇదే. డ్రైవర్ అనే, దూరం కొట్టడానికి వాడే పొడవైన క్లబ్ తల బరువు సుమారు 200 గ్రాములు; అది సెకనుకు 40 మీటర్ల వేగంతో, 1.2 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకుంటే, దానిని ఆ వంపులో నిలిపి ఉంచడానికే దాదాపు 267 న్యూటన్ల బలం, అంటే 27 కిలోల బరువును మోసేంత బలం కావాలి. ఈ బలాన్ని చేతులు పిడి పొడవునా శరీరం వైపు లాగుతూ ఇవ్వవలసిందే.

నెట్టినప్పుడు మీకు దూరం ఎందుకు తగ్గుతోందో ఇక్కడే తెలుస్తుంది. డౌన్‌స్వింగ్ (క్లబ్‌ను పైనుంచి బంతి వైపు దించే ఊపు) మొదట్లో ఎడమ ముంజేతికి, షాఫ్ట్‌కు (క్లబ్ కాడకు) మధ్య దాదాపు లంబకోణం ఉంటుంది. ఆ దశలోనే కుడి అరచేయి పిడిని నెట్టితే ఆ కోణం ముందుగానే విచ్చుకుంటుంది, క్లబ్ తల శరీరానికి దూరంగా జరుగుతుంది, తిప్పవలసిన భారం దూరమైనకొద్దీ భుజాల తిరుగుడు మందగిస్తుంది. ఫలితంగా క్లబ్ గరిష్ఠ వేగం బంతిని చేరకముందే వచ్చి పోతుంది.

లాగినప్పటి లోపం దిశకు సంబంధించినదని నా అభిప్రాయం. చాలామంది లాగడమంటే చేతులను లక్ష్యం వైపు ఈడ్చుకుపోవడం అనుకుంటారు. అలా చేస్తే చేతులు బాగా ముందుకు పోయి, మణికట్లు విచ్చుకునే వ్యవధి లేక, క్లబ్ ముఖం (బంతిని తాకే పలక) కుడివైపుకు తెరుచుకునే బంతిని తాకుతుంది. కుడివైపు వంపు అందువల్లే కావచ్చు. సరైన లాగుడులో చేతులు కిందికి వచ్చి, బంతి దగ్గరపడేసరికి ఎడమ భుజం లేవడంతో పాటు పైకి, లోపలికి మళ్లుతాయి. ఆ మలుపులోనే చేతులు నెమ్మదించి క్లబ్ తల దూసుకుపోతుంది. దీనికి కాళ్లు నేలను బలంగా నెట్టాలి. నేల మీద నెట్టుడు లేకపోతే చేతుల్లో లాగుడు నిలవదు.

కుడిచేతి నెట్టుడుకు తావు డౌన్‌స్వింగ్ రెండో సగంలో ఉంది. ఎడమచేయి లాగుతుండగా కుడిచేయి నెట్టితే ఆ రెండూ కలిసి పిడిని తిప్పే జంట బలమవుతాయి. అయితే బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్ ఎంత వేగంగా తిరుగుతుందంటే, నెట్టే చేయి దానిని అందుకోలేదు. నేర్పరుల స్వింగ్‌లను కొలిచినప్పుడు చివరి క్షణంలో ఈ జంట బలం వ్యతిరేక దిశలోకి మారడం కూడా కనిపించింది. ఇక క్లబ్ తల బంతిని తాకి ఉండేది సెకనులో రెండువేలవ వంతు మాత్రమే కనుక, ఆ క్షణంలో చేతులు చేయగలిగింది ఏమీ లేదు.

పెరట్లో క్లబ్‌కు బదులు మీటరు పొడవు మందపాటి తాడును రెండు చేతులతో పట్టుకుని స్వింగ్ చేయండి. తొందరపడి నెట్టిన చోట తాడు వదులై ముడుచుకుంటుంది. సరిగ్గా లాగితే చివరిదాకా బిగువుగా ఉంటుంది. అది కుదిరాక క్లబ్ తీసుకుని, కుడిచేతిని పిడి మీద నాలుగు వేళ్ల వెడల్పు కిందికి జరిపి నెమ్మదిగా ఊపితే, కుడిచేయి ఎక్కడ నెట్టాలో అరచేతికే తెలుస్తుంది. అప్పటికీ బంతి కుడివైపుకే వంగుతుంటే లాగడం, నెట్టడం పక్కనపెట్టి పట్టును చూసుకోండి: బంతి ముందు నిలబడి కిందికి చూసినప్పుడు ఎడమ పిడికిలి కణుపులు కనీసం రెండు కనిపించాలి.