మధ్యలో బిల్ నంబర్లు ఎటు పోయాయి?

ప్రశ్న: ఒక ఎలక్ట్రికల్ షాపుకి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చానండీ. బిల్స్ టేబుల్‌లో ఐడీకి ఆటో ఇంక్రిమెంట్ (దానంతటదే ఒక్కో నంబరు పెరగడం) పెట్టి, అదే బిల్ నంబరుగా ప్రింట్ చేస్తున్నా. 412 తర్వాత 415 వచ్చింది, మిగతా రెండు ఏవని ఆడిటర్ గారు అడుగుతున్నారు, నేనైతే ఏదీ డిలీట్ చెయ్యలేదు. ఆటో ఇంక్రిమెంట్ తీసేసి మ్యాక్స్ ఐడీకి, అంటే టేబుల్‌లో ఉన్న పెద్ద నంబరుకి, ఒకటి కలుపుకుంటే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ పని మాత్రం చెయ్యకండి. రెండు కౌంటర్లలో ఒకేసారి బిల్లు కొడితే ఇద్దరికీ అదే మ్యాక్స్ కనిపిస్తుంది, ఒకళ్ళది ఎక్కుతుంది, రెండోవాళ్ళకి డూప్లికేట్ ఎర్రర్ వస్తుంది, అదీ షాపు రష్‌గా ఉన్నప్పుడే.

నంబర్లు పోవడం బగ్ కాదు. ఇన్సర్ట్ (టేబుల్‌లో కొత్త రో, అంటే కొత్త రికార్డు చేర్చడం) మొదలవగానే మైఎస్‌క్యూఎల్ లోపల డేటా దాచే ఇన్నోడీబీ ఇంజిన్ ఒక నంబర్ ఇచ్చేస్తుంది, తర్వాత స్టాక్ లేదనో ఇంకేదో అయ్యి రోల్‌బ్యాక్ అయితే, అంటే చేసిన పని రద్దయితే, రో పోతుంది గానీ నంబర్ వెనక్కి రాదు, బ్యాంకులో చింపిన టోకెన్ లాగా. వెనక్కి తీసుకోవాలంటే ముందువాళ్ళ ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఎక్కే లేదా రద్దయ్యే మార్పుల కట్ట) తేలేదాకా మిగతావాళ్ళంతా ఆగాలి కదా. ఇన్సర్ట్ ఇగ్నోర్ (డూప్లికేట్ అయితే ఎర్రర్ ఇవ్వకుండా వదిలేసే ఇన్సర్ట్) వాడినా నంబర్లు ఇలాగే ఖర్చవుతాయి. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో నంబర్లిచ్చే సీక్వెన్స్ కూడా ఇంతే, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే రీస్టార్ట్ అయినప్పుడు ఒక్కోసారి ఏకంగా వెయ్యి దూకుతుంది. అన్నట్టు మీ మైఎస్‌క్యూఎల్ వెర్షన్ 5.7 అయితే ఇంకో తిరకాసు ఉంది, చివరి రో డిలీట్ చేసి సర్వర్ రీస్టార్ట్ చేస్తే అదే నంబర్ మళ్ళీ వస్తుంది, 8.0లో దీన్ని సరిచేశారు.

అసలు ఐడీ ఉన్నది రోని గుర్తుపట్టడానికే, వరుస తప్పదని అది ఎప్పుడూ మాటివ్వలేదు. జీఎస్టీ రూల్ 46 ప్రకారం ఇన్వాయిస్‌కి వరుస నంబర్ ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో రిపీట్ కాకూడదు. అందుకే బిల్ నంబర్‌కి వేరే కాలమ్ పెట్టండి. సంవత్సరం, చివరి నంబర్ ఉండే చిన్న టేబుల్ ఒకటి చేసి, బిల్లు ఇన్సర్ట్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే దాన్ని ఒకటి పెంచి ఆ నంబర్ వాడండి. మొదటి కౌంటర్ పని తేలేదాకా ఆ రోకి లాక్ పడుతుంది కాబట్టి రెండో కౌంటర్ అక్కడ కాసేపు ఆగుతుంది, షాపుకి అదేం లెక్క కాదు. రోల్‌బ్యాక్ అయితే నంబర్ కూడా వెనక్కి వస్తుంది. సంవత్సరం, నంబర్ రెండూ కలిపి యూనిక్ కీ (ఒకే జత రెండుసార్లు ఎక్కనివ్వని నియమం) పెట్టడం మర్చిపోవద్దు. బిల్లు క్యాన్సిల్ అయితే డిలీట్ చెయ్యకుండా స్టేటస్ మార్చండి చాలు.

పాత 413, 414 చోట ఇప్పుడు ఉత్తుత్తి బిల్లులు పెట్టి పూడ్చకండి. అప్పటి ఎర్రర్ లాగ్ ఉంటే తీసి ఆడిటర్ గారికి చూపించండి.