కొండ ఎకో పెట్టగానే డీవీబీ-టీ లాక్ పోతోందా? గార్డ్ చూడండి

రెండు డిజిటల్ టీవీ ప్రసార పద్ధతులను, యూరప్ డీవీబీ-టీని, అమెరికా 8వీఎస్‌బీని, కొండ ఎకోతో పోల్చిన మీ పరీక్షలో డీవీబీ-టీకి గార్డ్ ఇంటర్వెల్ (ఎకోలను తట్టుకోడానికి ప్రతి సింబల్ ముందు వదిలే సమయం; సింబల్ అంటే ఒక్కసారి పంపే డేటా ముక్క) చాలడం లేదు. మీరు పెట్టిన 2కే మోడ్ (పొట్టి సింబళ్లు), 1/32కి (సింబల్‌లో గార్డ్ వంతు) గార్డ్ 7 మైక్రోసెకన్లే. ఇంద్రకీలాద్రి వైపు నుంచి మీరు తీసుకున్న ఎకో 10 మైక్రోసెకన్లు, అంటే 3 కిలోమీటర్ల అదనపు దారి. 8వీఎస్‌బీ గెలిచినట్టు కనబడటం అందుకే.

1. 8కే మోడ్‌కి (నాలుగు రెట్లు పొడవైన సింబళ్లు) మారండి. అదే 1/32కి 28 మైక్రోసెకన్లు వస్తాయి, బిట్ రేటు తగ్గదు. 2కేలోనే 1/4 పెడితే 56 వస్తాయి గానీ, 64క్వామ్ మాడ్యులేషన్, 2/3 కోడ్ రేటులో 24.13 ఎంబీపీఎస్ కాస్తా 19.91కి పడిపోతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే. కొండ చాటున ఉన్న ఇంట్లో నేరు సిగ్నల్ కన్నా ఎకోనే బలంగా ఉండొచ్చు. ఎఫ్‌ఎఫ్‌టీ విండోను (రిసీవర్ ఒక్కో సింబల్‌ను చదివే సమయపు కిటికీ) ఆ బలమైన దానికి కడితే, ముందే వచ్చిన నేరు సిగ్నల్ తాలూకు తర్వాతి సింబల్ విండోలోకి చొరబడుతుంది. అప్పుడు గార్డ్ ఎంత పెంచినా ఉపయోగం లేదు. విండోను మొదట వచ్చిన దారికే కట్టండి.

3. 8వీఎస్‌బీకి కూడా అదే ప్రీ-ఎకో (బలమైన సిగ్నల్ కన్నా ముందే వచ్చే బలహీనమైనది) ఇవ్వండి, లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు. అక్కడ 10 మైక్రోసెకన్లంటే దాదాపు 108 సింబళ్లు. ఈక్వలైజర్‌లో (రిసీవర్‌లో ఎకోలను తీసేసే ఫిల్టర్) ప్రీ-ఎకోలను చూసుకునే ఫీడ్‌ఫార్వర్డ్ ట్యాప్‌లు కనీసం అంత దూరం అందుకోవాలి.

4. 8వీఎస్‌బీది 6 మెగాహెర్ట్జ్‌లో 19.39 ఎంబీపీఎస్, మీ డీవీబీ-టీది 8 మెగాహెర్ట్జ్. హెర్ట్జ్‌కి ఎన్ని బిట్లో లెక్కగట్టి పోల్చండి.