తేమ ఎక్కువున్న ఇంట్లో తుపాకీ, తూటాలు తుప్పు పట్టకుండా ఎలా దాచాలి?

ముందు అసలు విషయం: తుపాకీని ఖాళీ చేసి తాళం వేసిన ఇనప బీరువాలో పెట్టాలి, తూటాలు వేరే తాళం కింద ఉండాలి, తాళంచెవులు పిల్లలకు అందకూడదు. ఇందులో బేరాల్లేవు.

ఇక తుప్పు సంగతి. బీరువాలో గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టండి, అది లేకపోతే అంతా ఊహే. తేమ 50 శాతం లోపు ఉంటే టెన్షన్ అక్కర్లేదు, 60 దాటి అలాగే ఉండిపోతే మాత్రం కష్టం. చిన్న బీరువాకు తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు చాలు, కానీ తేమ పీల్చుకుని నిండిపోయాక అవి ఉత్త గులకరాళ్లే, అందుకని రంగు మారే రకం కొనుక్కుంటే మళ్లీ ఎప్పుడు వేడి చేసి ఆరబెట్టాలో చూడగానే తెలుస్తుంది. పెద్ద బీరువాకు కరెంటు హీటింగ్ రాడ్ నయం, లోపల కాస్త వెచ్చగా ఉంచి లోహం మీద చెమ్మ చేరనివ్వదు.

చాలామంది తోలు ఒరలోనో స్పాంజి పెట్టెలోనో పెట్టి నెలల తరబడి వదిలేస్తారు. రెండూ తేమను పట్టి ఉంచుతాయి, సరిగ్గా అవి ఆనిన చోటే మచ్చలొస్తాయి. చేతి చెమటలో ఉప్పుంటుంది కదా, తుడవకుండా పెడితే ఒక్కోసారి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు తేలుతుంది. ముట్టుకున్న ప్రతిసారీ తుడిచి, పల్చగా గన్ ఆయిల్ రాయండి.

తూటాలకు మాత్రం నూనె వద్దు, తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్‌లోకి దిగితే పేలకపోవచ్చు. రబ్బరు అంచుతో మూత బిగిసే డబ్బాలో సిలికా సంచి వేసి, గాలి పొడిగా ఉన్న రోజు చూసి మూసి, ఎండా వేడీ తగలని చోట, నేలకు ఆనకుండా అరలో పెట్టండి. పచ్చగా చిలుము పట్టి గుంటలు పడినవి కాల్చొద్దు.