ఒట్టి 'ధర్మం' అని మాత్రం రాయొద్దు

చి. సుజాతకు పెదనాయన ఆశీస్సులు.

మీ అమ్మ వీలునామాలో రాసిపెట్టిపోయిన డబ్బుతో ట్రస్టు పెడుతున్నావని, మీ నాన్న కూడా ప్రొద్దుటూరులో ఇల్లు దానికే రాయబోతున్నాడని మొన్న ఫోన్‌లో విన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, ఆ కాగితాలు ఎవరు రాస్తారోనని టెన్షన్ సగం. ముప్పై ఏళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద దస్తావేజులు రాసినవాణ్ణి, నన్నొక్క మాట అడగకపోతివే!

మీ నాన్న రాసే వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. సాక్షులు మీ నాన్నకంటే చిన్నవాళ్లయితే మేలు. ట్రస్టుకు పాన్, బ్యాంకు ఖాతా, విరాళాలిచ్చేవాళ్లకు పన్ను రాయితీ వచ్చే అనుమతి ఆడిటరు చూసుకుంటాడు. ఇల్లు మీ నాన్న సొంతార్జితం, ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చు. తాతల పొలంలో మాత్రం తన భాగమే రాయగలడు. నీ తమ్ముణ్ణి అడక్కుండా ఆ జోలికి పోవద్దు.

ఇక మీ పెద్దత్త సంగతి. నువ్వు పుట్టకముందే పోయింది. జమ్మలమడుగు దగ్గర బడిలో టీచరు. మొగుడు చిన్నవయసులోనే పోయాడు, పిల్లల్లేరు. జీతం కూడబెట్టి నాలుగెకరాలు కొన్నది. "హాస్టల్లో ఆడపిల్లలకు మధ్యాహ్నం రెండు ముద్దలు సంగటి పెట్టించాలిరా, రాయి" అన్నది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పొగరు. వీలునామాలో సంగటేమిటి, నామోషీగా ఉంటుందనుకుని, 'నా యావదాస్తి ధర్మానికి వినియోగించవలెను' అని రాశాను. చదివి వినిపిస్తే, "సంగటి మాట ఏదిరా?" అన్నది. "అది ధర్మంలోకే వస్తుందిలే అక్కా" అన్నాను. నన్ను నమ్మి సంతకం పెట్టింది.

ఆమె పోయాక మరిది కొడుకులు కేసు వేశారు. ఒట్టి 'ధర్మం' పేరిట ఆస్తి రాస్తే చెల్లదని తెల్లవాళ్ల కాలంలో మనకు పైకోర్టులన్నిటికీ పైనుండే ప్రీవీ కౌన్సిల్ 1899లోనే తేల్చేసిందంట. ఆ మాటకు అర్థాలు మరీ ఎక్కువ, ఏ పని చేయించాలో తేల్చడం కోర్టు వల్ల కాదు. అవతలి వకీలు చదివేదాకా నాకా సంగతే తెలియదు. వీలునామా కొట్టుకుపోతే, పిల్లల్లేని వితంతువు సొంతార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త తరఫువాళ్లకు పోతుంది. జబ్బుపడితే ఒక్కపూట తొంగిచూడనివాళ్లు ఆ పొలం దున్నుకున్నారు. ఆ దారిన బస్సులో పోతే ఇప్పటికీ నేను కిటికీ పక్కన కూర్చోను.

అందుకే తల్లీ, ఎవరికి, ఏ ఊళ్లో, ఏం చేయాలో విడమరిచి రాయించు. అది కుదరని రోజొస్తే అలాంటి ఏ పనికి వాడాలో కూడా ఒక వాక్యం పెట్టించు. ట్రస్టీ ఒకరు పోతే ఆ స్థానంలోకి ఎవరు, ఎలా వస్తారో డీడ్‌లోనే ఉండాలి. నన్ను ట్రస్టీగా వెయ్యొద్దు, డెబ్బై ఎనిమిదేళ్లవాణ్ణి వేసుకుని ఏం చేస్తావు?

ముసాయిదా పట్టుకుని ఆదివారం రా. కొత్త కళ్లద్దాలు వచ్చాయి, చదవగలను. అందులో ఎక్కడో ఒకచోట 'సంగటి' అన్న మాట పెట్టించు. ఆడిటరు నవ్వితే నవ్వనీ.

మీ పెదనాయన