ఔలీ వద్దు, గుల్మార్గ్‌కే వెళ్లు అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వూ మీ ఆఫీసు వాళ్లు ముగ్గురూ ఫిబ్రవరిలో స్కీయింగ్‌కి వెళ్తున్నారట, కశ్మీర్‌లోని గుల్మార్గా, ఉత్తరాఖండ్‌లోని ఔలీయా అన్నది ఇంకా తేలలేదట. మన ఇంటి పిల్ల మంచు మీద జారడానికి వెళ్తోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ వెంటనే నా కుడి మోకాలు గుర్తొచ్చి తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

ముందు అసలు సంగతి. గుల్మార్గ్‌కి వెళ్లు.

ఔలీ అంటే నాకు ప్రాణమని నీకు తెలుసు. దేవదారు చెట్ల పక్కనుంచి దిగే ఆ వాలు, ఎదురుగా నందాదేవి, కింద జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి. మన ఇలవేల్పు అంత దూరాన కూడా ఉన్నాడని ఫోన్లో చెబితే మీ అమ్మమ్మ ఎంత సంబరపడిందో! కొత్తవాళ్లకి ఏడు రోజులు, పద్నాలుగు రోజుల కోర్సులు పెట్టి ఓపిగ్గా నేర్పుతారు కూడా. అయినా వద్దంటున్నాను. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు అక్కడినుంచి ఔలీకి ఎక్కే రోప్‌వే ఆపేశారు, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకు. మంచు కూడా కొన్నేళ్లు సరిగ్గా పడటం లేదు. అవన్నీ ఒక ఎత్తు, రిషికేశ్ నుంచి రెండు వందల యాభై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఒక ఎత్తు. వెళ్లేటప్పుడు ఆ దారి అందంగానే ఉంటుంది. దెబ్బ తగిలి తిరిగొచ్చేటప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

2001 ఫిబ్రవరి, కోర్సులో మూడో రోజు. పడ్డప్పుడల్లా నా కుడి స్కీ ఊడిపోయేది. ఊడిన ప్రతిసారీ లేచి, దాన్ని వెతికి తెచ్చుకుని, బూటు అడుగున గడ్డకట్టిన మంచు గీకి, మడమతో మళ్లీ టక్కున నొక్కాలి. పక్కనుంచి పదేళ్ల పిల్లలు సర్రున వెళ్లిపోతుంటే సిగ్గేసింది. సామాను అద్దెకిచ్చే కుర్రాడి దగ్గరికి వెళ్లి ఇది వదులుగా ఉంది, బిగించమన్నాను. "పడితే ఊడాలి సాబ్, అందుకే అలా పెట్టాం" అన్నాడు పాపం. నేను వినలేదు, గొంతు పెంచాను. అతను స్క్రూడ్రైవర్ తీసుకుని బూటు ముందు బైండింగ్ మీద, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు మీద ఉన్న స్క్రూ తిప్పాడు. చిన్న కిటికీ లాంటి దాంట్లో ఎంత బిగుతో చూపే నంబరు నాలుగు మీద ఉండేది, ఏడు దాటింది. అది నా కళ్లతో చూశాను, తృప్తిగా కూడా అనిపించింది.

ఆ మధ్యాహ్నమే పడ్డాను. అంత పెద్దగా కూడా పడలేదు. ఒళ్లు ఎడమకి తిరిగింది, స్కీ మంచులో దిగబడి అక్కడే ఉండిపోయింది, ఊడలేదు. మోకాల్లో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు. మర్నాడు జీపు వెనక సీట్లో కాలు చాపుకుని పగలంతా కిందికి ప్రయాణం. ప్రతి మలుపులోనూ కాలు కదలకుండా మీ అత్తయ్య నా పాదం రెండు చేతులా పట్టుకుని కూర్చుంది, రిషికేశ్ దాకా వదల్లేదు. లిగమెంట్ తెగిందన్నారు, హైదరాబాద్‌లో ఆపరేషన్. మొన్న మీ వదిన పెళ్లిలో పీటల మీద కూర్చోలేక కుర్చీ వేయించుకుని కన్యాదానం చేశాను, చూశావుగా. అందరికీ కీళ్లనొప్పులని చెప్పాను. కారణం ఇదీ. నీకే చెబుతున్నాను.

అందుకే గుల్మార్గ్ అంటున్నాను. శ్రీనగర్ యాభై కిలోమీటర్లే, అక్కడ పెద్దాసుపత్రులున్నాయి. కొత్తవాళ్లు నేర్చుకునే వాలులు కిందే, గోండోలా, అదే కేబుల్ కారు, ఎక్కే చోటికి దగ్గర్లోనే ఉంటాయి. గోండోలా రెండో దశ అఫర్వత్ కొండ మీదికి, దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. చూడాలనుంటే వెళ్లి చూసిరా, స్కీలు మాత్రం కిందే వదిలెయ్. అక్కడినుంచి జారడం నేర్చినవాళ్ల పని. 2010 ఫిబ్రవరిలో ఆ కొండల్లోనే హిమపాతం కింద పదిహేడు మంది సైనికులు చనిపోయారమ్మా, మంచులో శిక్షణ తీసుకుంటున్న వాళ్లు. ఎవడైనా గైడు రా మేడమ్, పైనుంచి దింపుతా అంటే నవ్వి వద్దను.

మూడు రోజులే సెలవు పెట్టారట, అదేం పని? మొదటి రోజంతా లేవడం, పడటంతోనే సరిపోతుంది. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం వచ్చేసరికి రెండో రోజు సాయంత్రం అవుతుంది. కనీసం వారం పెట్టు. మీ మేనేజర్ కాదంటే నన్ను అడగమను.

మిగతావి నీకు తెలిసినవే. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గోండోలా టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకో. జీన్స్ వద్దు. ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ కూడా ఉందో లేదో చదివి తీసుకో. ఉన్ని సాక్సు ఒక్క జతే వేసుకో, రెండు వేస్తే బూట్లో కాలు నిలవదు. ఇవాళ్టి నుంచే రోజూ యాభై గుంజీలు తియ్యి, నవ్వకు, తొడల్లో బలం లేకపోతే ఆ భారమంతా మోకాళ్ల మీదే పడుతుంది.

సామాను ఇచ్చేటప్పుడు నీ బరువు అడుగుతారు, బైండింగ్ మీద ఆ నంబరు దాన్ని బట్టే పెడతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఒక్క కిలో కూడా ఎక్కువా తక్కువా చెప్పకు. మొదటిసారి అని కూడా చెప్పు. తర్వాత స్కీ ఎన్నిసార్లు ఊడినా ఊడనీ, ఎవరు నవ్వినా నవ్వనీ.

మొదటి రోజు పొద్దున బూట్లు వేసుకున్నాక కాళ్ల దగ్గర ఫొటో తీసి పంపు, బైండింగ్ మీద ఆ నంబరు కనపడేలా. నేను ఫోన్ చేతిలో పట్టుకునే ఉంటాను.

మావయ్య