ఆటోమోటివ్ డిగ్రీ దండగా? ముందు వీసా చూడండి, తర్వాత ఫీజు

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అబ్బాయి ఈ ఏడాది హైస్కూల్ అయిపోతుంది. కంప్యూటర్ సైన్స్ వద్దు, డీ ఆంజా కమ్యూనిటీ కాలేజీలో ఆటోమోటివ్ టెక్నాలజీ చదివి కార్ల టెక్నీషియన్ అవుతానంటున్నాడు. వాళ్ల నాన్నగారు వాడితో మాట్లాడటం మానేశారు. రెండేళ్ల చదువు, డబ్బు దండగ అవుతాయా?

జవాబు: అమ్మా, దీనికి జవాబు చాలావరకు మీ అబ్బాయి వీసా మీద ఆధారపడి ఉంది. మీరు ఆ ఒక్కటే రాయలేదు.

బాబు ఇంకా హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకు ఇచ్చే వీసా) మీదే ఉంటే, ఈ డిగ్రీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. హెచ్4 మీద చదువుకోవచ్చు కానీ ఉద్యోగం చేయకూడదు. ఈ చదువులో సగం విలువ చదువుతూనే షాపులో పనిచేయడంలో ఉంది, అది వాడికి దొరకదు. 21 నిండగానే హెచ్4 పోతుంది, ఎఫ్1 అనే విద్యార్థి వీసాకి మారాలి, డిగ్రీ తర్వాత ఏడాది ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే తాత్కాలిక అనుమతి, వస్తే రావచ్చు, కానీ సైన్స్, ఇంజినీరింగ్ చదువులకు దాన్ని పెంచే స్టెమ్ పొడిగింపుకి కనీసం బ్యాచిలర్స్ కావాలి. హెచ్1బీ ఉద్యోగ వీసా అయితే బ్యాచిలర్స్ స్థాయి చదువు అవసరమైన ఉద్యోగాలకే ఇస్తారు, టెక్నీషియన్ పని అందులోకి రాదు. చేయి తిరిగిన పనివాడై కూడా దేశం వదిలి వెళ్లాల్సి వస్తే ఆ పిల్లవాడి బాధ మామూలుగా ఉండదు. అలాంటప్పుడు అదే కాలేజీలో మ్యాథ్స్, ఫిజిక్స్ తీసుకుని మెకానికల్ ఇంజినీరింగ్‌కి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలైన యూసీకో కాల్ స్టేట్‌కో ట్రాన్స్‌ఫర్ అయ్యే దారి పట్టించండి, పక్కన ఒకటి రెండు ఆటోమోటివ్ క్లాసులు చేయనివ్వండి. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 వేసి వాడి పేరు మీద ఈఏడీ (పని అనుమతి కార్డు) వచ్చి ఉంటే మాత్రం సంగతి వేరు.

గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే, చేరనివ్వండి. ఫీజు గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. కాలిఫోర్నియా రెసిడెంట్లకు కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు, క్వార్టర్ పద్ధతిలో నడిచే డీ ఆంజాలో క్వార్టర్ యూనిట్‌కి 31. అసోసియేట్ డిగ్రీకి కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లకు లెక్కేస్తే 2,760 డాలర్లు. ఆటోమోటివ్‌లో ల్యాబులు ఎక్కువ కాబట్టి యూనిట్లు కొంత పెరగొచ్చు, పుస్తకాలు అదనం. తొలిసారి చేరి ఫుల్‌టైమ్ చదివే పిల్లలకు ప్రామిస్ పథకం కింద చాలా కాలేజీలు మొదటి రెండేళ్లు ఆ ఫీజు కూడా తీసుకోవు. ఇదే పని నేర్పే ప్రైవేటు టెక్నికల్ స్కూళ్లలో 30 వేల డాలర్లు దాటడం మామూలే, అక్కడికి మాత్రం అప్పు చేసి పంపకండి.

అసలు ఖర్చు చదువు అయ్యాక మొదలవుతుంది. ఇక్కడ షాపుల్లో టెక్నీషియన్ తన రెంచులు, సాకెట్లు, టూల్‌బాక్సు తానే కొనుక్కోవాలి. స్నాప్‌ఆన్, మ్యాట్కో లాంటి కంపెనీల ట్రక్కు వారం వారం షాపు ముందుకే వస్తుంది, అప్పు మీద ఇస్తుంది, కొత్తగా చేరిన కుర్రాళ్లు మెరిసే డబ్బాలు చూసి వేల డాలర్ల బాకీలో పడతారు. విద్యార్థిగా ఉన్నప్పుడు కాలేజీ ద్వారా బాగా తగ్గింపు దొరుకుతుంది, తప్పనిసరి సామాను అప్పుడే కొనిపించండి.

జీతం సంగతి దాచకుండా చెబుతాను. దేశం మొత్తం మీద ఆటో టెక్నీషియన్ల మధ్యస్థ జీతం, 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో, ఏడాదికి 49,670 డాలర్లు. డీజిల్ వైపు వెళ్లినవాళ్లకు 60 వేల దాకా ఉంది. వాళ్ల నాన్నగారు భయపడుతున్నది ఈ అంకెకే అయితే ఆ భయం న్యాయమైనదే, బే ఏరియా అద్దెల్లో దాంతో ఒంటరిగా బతకడం కష్టం, మొదటి మూడు నాలుగేళ్లు వాడు మీ ఇంట్లోనే ఉండాలి. పైగా చాలాచోట్ల ఫ్లాట్ రేట్ జీతం. అంటే బ్రేకుల పనికి పుస్తకంలో గంటన్నర రాసి ఉంటే, గంటలో చేసినా మూడు గంటల్లో చేసినా గంటన్నరకే డబ్బు. చేయి తిరిగినవాడికి అది లాభం, కొత్తవాడికి నరకం. కానీ కాలిఫోర్నియా చట్టంలో ఒక రక్షణ ఉంది, చాలామంది తల్లిదండ్రులకు తెలియదు: సొంత పనిముట్లు తెచ్చుకోమన్న యజమాని కనీస వేతనానికి రెట్టింపు ఇవ్వాలి. 2025లో రాష్ట్ర కనీస వేతనం 16.50, అంటే గంటకు 33 డాలర్లు, వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 68 వేల పైచిలుకు. పనిముట్లు షాపే ఇస్తే, అప్రెంటిస్‌గా తీసుకుంటే ఇది వర్తించదు. అందుకే ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు పనిముట్లు ఎవరివన్నదే మొదటి ప్రశ్న కావాలి.

జీతం పెరిగేది ఆయిల్, బ్రేకుల దగ్గర కాదు, కరెంటు లోపం ఎక్కడుందో పట్టుకునేవాడి దగ్గర. టెక్నీషియన్ల నైపుణ్యాన్ని పరీక్షించి ఇచ్చే ఏఎస్ఈ సర్టిఫికెట్లలో ఏ6 ఎలక్ట్రికల్, ఏ8 ఇంజిన్ పనితీరు, ఆపైన ఇంజిన్ పనితీరులోనే పైస్థాయి ఎల్1, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకు ఎల్3, వీటి మీద దృష్టి పెట్టమనండి. ఏఎస్ఈకి రెండేళ్ల అనుభవం అడుగుతారు, ఈ డిగ్రీ ఉంటే ఏడాది చాలు. టొయోటా టీ-టెన్, జీఎం ఏసెప్ లాంటి కార్యక్రమాలున్న కాలేజీ దొరికితే ఇంకా మంచిది, డీలర్ దగ్గర జీతంతో పనిచేస్తూ చదువుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఆటోమోటివ్ యూనిట్లు తర్వాత మెకానికల్ ఇంజినీరింగ్‌కి దాదాపు పనికిరావు. మనసు మారే అవకాశం ఉందనిపిస్తే మొదటి ఏడాదిలోనే క్యాల్కులస్ కూడా తీసుకోమనండి. టెక్నీషియన్‌గా పనిచేస్తూనే బ్యాచిలర్స్ కావాలనుకుంటే లాస్ ఏంజెలెస్ దగ్గర రియో హోండో అనే కమ్యూనిటీ కాలేజీలో ఆటోమోటివ్ టెక్నాలజీలోనే ఆ డిగ్రీ ఉంది.

పని చేసే అనుమతి ఉంటే, కాలేజీ మొదలయ్యేలోపు ఈ వేసవి ఏదైనా డీలర్‌షిప్‌లో ఆయిల్ మార్చే పనికి పంపండి. ఎండలో, నడుం నొప్పితో, జిడ్డు చేతులతో కొన్ని వారాలు చేశాక కూడా ఇదే కావాలంటే వాళ్ల నాన్నగారితో మాట్లాడే పని నాకు వదిలేయండి, ఆయనను ఫోన్ చేయమనండి. ఈలోగా బాబు వీసా ఏమిటో, 21 ఎప్పుడు నిండుతాయో, ఐ-485 ఎక్కడి దాకా వచ్చిందో రాయండి.