క్లాసుల యాప్ ఒక్కటే ఆగిపోతోంది, నెట్ వాళ్లని అడిగే హక్కు మాకుందా?

ప్రశ్న: ప్లీడరు గారికి నమస్కారం. మాది నరసన్నపేట. మా గుంట గ్రూప్-2కి ఇంటికాడే ఉండి ఒక యాప్‌లో క్లాసులు వింటోంది. సాయంత్రం ఏడయ్యేసరికి ఆ యాప్ ఒక్కటే తిరుగుతూ ఉండిపోతాది, నెట్ వాళ్ల సొంత సినిమాల యాప్ మాత్రం ఎక్కడా ఆగదు. ఇదేటని అడిగితే నెలకి ఇంకో 149 కట్టండి, స్టడీ బూస్టు వేస్తాం అన్నాడు లైన్ అబ్బాయి. కనెక్షన్ మా తమ్ముడి పేరన ఉంది. నెట్ న్యూట్రాలిటీ అని ఒక రూలుందంట, అమెరికాలో కోర్టు దాన్ని కొట్టేసిందంట. మరి మనం అడగొచ్చా?

జవాబు: అడగొచ్చండీ, గట్టిగా అడగొచ్చు. నెట్ న్యూట్రాలిటీ అంటే నెట్ వాళ్లు అన్ని సైట్లనీ, యాప్‌లనీ ఒకేలా చూడాలనే రూలు. ముందు ఆ అమెరికా సంగతి పక్కన పెట్టేద్దాం. అక్కడ 2015లో ఎఫ్‌సీసీ, అంటే వాళ్ల టెలికాం నియంత్రణ సంస్థ, ఆ రూలు పెట్టింది, 2017లో తీసేసింది, 2024లో మళ్లీ పెట్టింది, 2025 జనవరి 2న సిన్సినాటిలోని అప్పీల్ కోర్టు ఎఫ్‌సీసీకి ఆ అధికారం లేదని కొట్టేసింది. అది వాళ్ల చట్టం, వాళ్ల కంపెనీల గొడవ, నరసన్నపేటలో మీ ఇంటి వైరుకి దాంతో సంబంధం లేదు.

మనకి రెండు ఆధారాలున్నాయి. ఒకటి రేటు గురించి: 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, అంటే మన టెలికాం నియంత్రణ సంస్థ, ఇచ్చిన రెగ్యులేషన్, చూసే యాప్‌ని బట్టి, సైట్‌ని బట్టి డేటాకి వేరే వేరే రేట్లు వెయ్యకూడదు, తప్పితే రోజుకి 50 వేలు, మొత్తం 50 లక్షల దాకా జరిమానా. ఆ జరిమానా మీ చేతికి రాదు, అది వేరే సంగతి. రెండోది స్పీడు గురించి: 2018లో టెలికాం శాఖ లైసెన్సు షరతుల్లోనే రాసేసింది, ఏ సైట్‌నీ ఆపకూడదు, కావాలని నెమ్మది చెయ్యకూడదు, ఒకదానికి ఎక్కువ స్పీడు ఇచ్చి ఇంకోదాన్ని తొక్కకూడదు. మీ వీధిలో తీగ లాగింది కేబుల్ అతనే అయినా, అతని వెనకాల లైసెన్సున్న కంపెనీ ఒకటి ఉంటుంది, జవాబు చెప్పాల్సింది ఆ కంపెనీ. బిల్లు మీద ఆ పేరు ఉంటుంది చూడండి, బిల్లు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, చాలామంది అక్కడే వదిలేస్తారు.

ఇప్పుడు అసలు పేచీ. నెమ్మదిగా వస్తే చాలు రూలు తప్పినట్టు కాదు. సాయంత్రం ఏడు అంటే ఊరంతా ఇంట్లో టీవీలు ఫోన్లు పెట్టుకుని కూచునే టైము, లైను నిండిపోతే అన్నీ నెమ్మదిస్తాయి, అది సర్వీసు లోపం అవ్వొచ్చేమో గానీ తేడా చూపించడం కాదు. ఇంకోటి, పెద్ద పెద్ద వీడియో కంపెనీలు తమ వీడియోల కాపీలు దగ్గర్లోని సర్వర్లలో పెట్టుకుంటాయి, దాన్ని సీడీఎన్ అంటారు, అందుకని అవి జారిపోయినట్టు వస్తాయి, చిన్న కోచింగ్ యాప్‌కి ఆ స్తోమత ఉండకపోవచ్చు. 2018 షరతుల్లో సీడీఎన్‌కి మినహాయింపు ఉంది. కంపెనీ లాయరు వస్తే మొదట ఈ మాటే చెప్తాడు, మీరు ముందే సిద్ధంగా ఉండాలి.

అందుకని ఒక వారం ఇలా చెయ్యండి. రోజూ సాయంత్రం ఒకే టైముకి మీ లైను మీద స్పీడ్ టెస్ట్ పెట్టి స్క్రీన్‌షాట్ తియ్యండి, వెంటనే క్లాసుల యాప్ తెరిచి ఆగిపోతున్నది వేరే ఫోన్‌తో టైము కనపడేలా వీడియో తియ్యండి. తర్వాత అదే క్లాసు ఇంకో కంపెనీ మొబైల్ డేటా మీద చూడండి, అక్కడ కూడా ఆగితే తప్పు యాప్‌ది, మీ నెట్ వాళ్లది కాదు. అక్కడ బాగా వస్తే, మీ లైను మీదే వీపీఎన్ (మీరు చూసేది నెట్ వాళ్లకి కనపడకుండా దాచే యాప్) వేసి మళ్లీ చూడండి, వీపీఎన్ వేస్తే మీరు ఏ యాప్ చూస్తున్నారో నెట్ వాళ్లకి తెలియదు, అప్పుడు గనక క్లాసు ఆగకుండా నడిచిందంటే అనుమానం బాగా బలపడినట్టే. ఇదొక్కటే రుజువు అయిపోదు గానీ జవాబు చెప్పాల్సిన బరువు వాళ్ల మీదకి వెళ్తుంది.

నాకు అన్నిటికంటే గట్టిగా కనిపిస్తున్నది ఆ 149 రూపాయల మాట. మొత్తం కనెక్షన్‌కి స్పీడు పెంచే ప్లాను అయితే అమ్ముకోవచ్చు, దాంట్లో తప్పు లేదు. ఒక రకం యాప్‌ల కోసమే డబ్బులు అంటే మాత్రం అది 2016 రెగ్యులేషన్‌కి సూటిగా తగులుతుంది. ఆ అబ్బాయి నోటిమాటగా అన్నాడు కాబట్టి రేపు నేనలా అనలేదంటాడు. స్టడీ బూస్టు అంటే ఏటి, ఏ యాప్‌లకి, ఎంత స్పీడు అని వాట్సాప్‌లో అడగండి, రాతపూర్వకంగా ఏదొస్తే అది దాచండి.

ఫిర్యాదు రాసేటప్పుడు "నెట్ స్లో" అని రాయకండి, నా దగ్గరకి వచ్చే కాగితాల్లో సగం ఇలాగే చెడిపోతాయి, వాళ్లు రౌటర్ మార్చి ఫిర్యాదు క్లోజ్ చేసేస్తారు. "లైను స్పీడు బాగానే ఉన్నా ఫలానా యాప్‌ని మాత్రమే నెమ్మది చేస్తున్నారు, అది సరిగ్గా రావడానికి వేరే డబ్బులు అడుగుతున్నారు" అని రాయండి. కస్టమర్ కేర్‌కి చెప్పి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోండి, తేలకపోతే 30 రోజుల్లో ఆ కంపెనీ అప్పీల్ అథారిటీకి రాయండి, ఫీజు ఉండదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ విడి విడి ఫిర్యాదులు తీసుకోదు, కానీ ఒక కాపీ ట్రాయ్‌కి, ఇంకోటి టెలికాం శాఖ గ్రీవెన్స్ పోర్టల్‌కి పంపండి, లైసెన్సు షరతు తప్పితే చర్య తీసుకోవాల్సింది ఆ శాఖే.

డబ్బు నష్టం, ఇబ్బంది కోసం అయితే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం కేసులు అక్కడ చెల్లవని ఇదివరకు కంపెనీలు అడ్డుపడేవి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వొడాఫోన్ ఐడియా కేసులో చెల్లుతాయని తేల్చేసింది. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

మీరు అడగలేదు గానీ ఇంకో మాట చెప్పాలి. 2016 రెగ్యులేషన్ ఊరికే రాలేదు. 2015లో ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకి పైగా ఈమెయిళ్లు వెళ్లాయి, మామూలు జనం రాసినవి. ఆ తర్వాత ఫ్రీ బేసిక్స్ (కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా ఇస్తామన్న ఫేస్‌బుక్ పథకం) అప్పుడు ఫేస్‌బుక్ నుంచి ఒకే అచ్చు మెసేజ్‌లు లక్షల్లో వస్తే, మేం అడిగిన ప్రశ్నలకి ఇవి జవాబులు కావని ట్రాయ్ తప్పుపట్టింది. అమెరికాలో ఇంకా ఘోరం, 2017లో రూలు తీసేసేటప్పుడు ఎఫ్‌సీసీకి వచ్చిన రెండు కోట్ల ఇరవై లక్షల అభిప్రాయాల్లో దాదాపు కోటీ ఎనభై లక్షలు దొంగవని న్యూయార్క్ అటార్నీ జనరల్ విచారణలో తేలింది. మన దగ్గర చర్చ అయిపోలేదు, ఎక్కువ డేటా లాగే యాప్‌లు తమకి వాటా ఇవ్వాలని టెలికాం కంపెనీలు అడుగుతూనే ఉన్నాయి. ట్రాయ్ మళ్లీ జనం అభిప్రాయాలు అడుగుతూ కన్సల్టేషన్ పేపరు పెడితే మీ అమ్మాయి చేత రాయించండి, ఎవరో పంపింది ఫార్వర్డ్ చెయ్యకుండా, ఏ ఊరు, ఏ టైము, ఏ క్లాసు పోయింది, ఎంత అడిగారు అని పది లైన్లు.

కనెక్షన్ తమ్ముడి పేరన ఉన్నా ఫరవాలేదు. డబ్బు కట్టినవాళ్ల ఒప్పుదలతో వాడుకునేవాళ్లు కూడా చట్టంలో వినియోగదారులే, కమిషన్‌లో కేసు మీ అమ్మాయి పేరు మీద కూడా వెయ్యొచ్చు, తమ్ముడి చేత నాకు అభ్యంతరం లేదని ఒక కాగితం రాయించి బిల్లులతో పాటు జత చెయ్యండి.